పొలం మారిందా?

నా గొంతు బొంగురు. పుట్టుకతో వచ్చింది కాదు, రోడ్డు ఇచ్చింది. సాతంరాయి దగ్గర బెంగుళూరు రోడ్డు పక్కన గంప పెట్టుకుని కూర్చుంటాను. ఎండాకాలం ముంజలు, వానాకాలం మక్క కంకులు, దసరా ముందు నుంచి సీతాఫలాలు. లారీల చప్పుడు మీద, నెత్తి మీది నుంచి దిగే విమానాల చప్పుడు మీద అరిచి అరిచి ఇలా అయింది. ఈ గొంతు సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత దవాఖానలో దీని మీద కూడా అనుమానం వచ్చింది.

మా ఇంట్లో ముగ్గురం. నేను, మా అత్త, నా కొడుకు. వాడి నాయన ఆ రోడ్డే దాటుతూ లారీ కింద పోయాడు. అప్పటికి వీడు కడుపులో ఉన్నాడు. తండ్రి ముఖం వీడు చూడలేదు, వీడి ముఖం తండ్రి చూడలేదు. ఈ మాట మా అత్తకు నిద్రలో కూడా గుచ్చుకుంటుంది. ఆమెకు ఒక్కడే కొడుకు, నాకు ఒక్కడే కొడుకు. అంతకంటే చెప్పేదేం లేదు.

ఆ రోజు మంచి ఎండ. సీతాఫలాలు కండ్లు విచ్చి, గంపలో ముట్టుకుంటే చాలు మెత్తగా దిగిపోయేలా ఉన్నాయి. ఎయిర్‌పోర్టుకు పోయే క్యాబు ఒకటి ఆగింది. డ్రైవర్ పిల్లవాడు కిందికి దిగకుండానే మెడ బయటకు పెట్టాడు.

"అక్కా, తియ్యగుంటయా? మొన్న నువ్విచ్చినయి గోడకు కొడితే గోడ పగిలింది."

"గోడకెందుకు కొట్టినవ్ తమ్మీ, నోట్లో పెట్టుకొమ్మని ఇస్తే?"

"నీ గొంతు ఇంటే పండ్లు కూడ భయపడి మాగుతయ్ అక్కా."

అత్త నవ్వింది. నేనూ నవ్వాను. నా కొడుకు పక్కనే గోనెసంచి మీద కూర్చుని పగిలిన పండు ఒకటి పట్టుకుని ముఖమంతా పూసుకుంటూ తింటున్నాడు. రెండేళ్లు దాటిన పిల్లవాడు. మా దగ్గర పిల్లలు మాట నేర్వకముందే సీతాఫలం గింజ ఊయడం నేర్చుకుంటారు. వీడు కూడా తుపుక్కు తుపుక్కున ఊస్తున్నాడు. ఇంతలో విమానం ఒకటి బాగా కిందికి వచ్చింది, పొట్ట కనిపించేంత. వాడికి విమానమంటే పిచ్చి. తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి, "వో..." అని కేక పెట్టాడు.

కేక మధ్యలో ఆగింది. దగ్గు మొదలైంది. ముఖం ఎర్రబడింది, కండ్ల వెంట నీళ్లు కారాయి, ముక్కులోంచి గుజ్జు వచ్చింది. నేను వెన్ను మీద చరిచాను. అత్త చెంబుతో నీళ్లు తెచ్చింది. కాసేపటికి దగ్గు తగ్గింది. వాడు మళ్లీ పండు అడిగాడు.

తినేటప్పుడు, తాగేటప్పుడు అడ్డం తిరిగి ఇలా దగ్గొస్తే మావాళ్లు 'సరం దప్పింది' అంటారు. సరం దప్పితే ఎవరో మనల్ని తలుచుకుంటున్నారని లెక్క. నడినెత్తి మీద మెల్లగా తట్టి, తలుచుకునే వాళ్ల పేరు చెబితే ఆగుతుందంటారు. అత్త వాడి నడినెత్తి మీద తట్టింది.

"మీ నాయన యాది చేస్తుండు బిడ్డా," అంది. "చూడకపోయినా యాది చేస్తుండు."

ఆ మాట వినగానే నా ఒళ్లు జల్లుమంది. దుఃఖంతో కాదు. నిజం చెబుతున్నాను, సంతోషంతో. ఎక్కడున్నాడో ఏమో, కొడుకును తలుచుకున్నాడు అనుకున్నాను. ఆ పూట గంప ఖాళీ అయ్యేవరకు నా గొంతు కూడా తేలికగానే పలికింది.

తర్వాత వాడికి దగ్గు పట్టుకుంది. మంచు పడుతున్న రోజులు, రోడ్డు దుమ్ము. అందరి పిల్లలూ దగ్గుతున్నారు, వీడూ దగ్గుతున్నాడు అనుకున్నాం. ఆ తర్వాత జ్వరం. శంషాబాద్‌లో పిల్లల డాక్టరుకు చూపిస్తే ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఊపిరితిత్తికి నిమ్ము పట్టింది అన్నాడు. మందు సీసా రాసిచ్చాడు. తాగినన్నాళ్లు జ్వరం తగ్గింది. సీసా అయిపోగానే మళ్లీ వచ్చింది. ఇంకో మందు, ఇంకాస్త బలమైనది, రాశాడు. ఈసారి జ్వరం తగ్గనే లేదు. ఒక ఉదయం చూస్తే వాడి డొక్కలు ఎగురుతున్నాయి. శ్వాస తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. వరసకు మరిది అయ్యే పక్కింటివాడి ఆటోలో వేసుకుని పట్నం పోయాం, పిల్లల పెద్ద దవాఖానకు.

అక్కడ ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. చేతికి సూది గుచ్చి అట్టముక్కతో కట్టేశారు. ఎక్స్‌రే తీశారు. కుడి పక్క కింద తెల్లగా ఉందన్నారు. నాకు ఎక్స్‌రే చూడటం రాదు గానీ, ఆ తెలుపు మాత్రం అర్థమైంది. పిల్లవాడి ఎముకల మధ్య ఎవరో సున్నం పోసినట్టుంది.

మా వార్డు డాక్టరు చిన్న వయసువాడు, ఆంధ్ర నుంచి వచ్చినవాడు. మాట మెత్తన. పిల్లల్ని ముట్టుకునే ముందు చేతులు రుద్దుకుని వెచ్చ చేసుకునేవాడు. అది చూసి నాకు నమ్మకం కలిగింది. మొదటి రోజే మంచం దగ్గర నిలబడి వరసగా అడిగాడు. టీకాలు వేయించావా, ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారా, ఇంతకుముందు ఇలా వచ్చిందా అని. పక్క మంచం పిల్ల ఏడుపు, మిషన్ల గుర్రుగుర్రు, ఎవరో ఎవరినో పిలవడం. ఆ గోలలో చివరగా అడిగాడు.

"ఈ మధ్య బాబుకి పొలం మారిందా అమ్మా?"

నాకు అలాగే వినిపించింది. నేను నివ్వెరపోయాను. ఈయనకు మా పొలం సంగతి ఎవరు చెప్పారు?

మాకు మహేశ్వరం వైపు ఇంత చెల్క ఉంది. నీళ్లు లేని భూమి. చుట్టూ అంతా ప్లాట్లు, రాళ్లు పాతారు. అది ఇంకా పోయిన మనిషి పేరు మీదనే ఉంది. నా పేరు మీదికి, పిల్లవాడి పేరు మీదికి మార్చండని ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. మావాళ్లు దాన్ని పొలం అనరు, చెల్క అంటారు. కానీ చదువుకున్నవాళ్లు, ఆంధ్రవాళ్లు ఏ భూమినైనా పొలమే అంటారు కదా. భూమి ఉన్నవాళ్లకు దవాఖానలో మందు ఉచితంగా ఇవ్వరేమో, అందుకే అడుగుతున్నాడు అనుకున్నాను.

"బాబు పేరు మీదికా సారూ? లేదు. ఇంక మారలే," అన్నాను.

"మారలేదు కదా? సరే," అన్నాడు. పక్క మంచానికి వెళ్లిపోయాడు.

అంతే. మా ఇద్దరి మధ్య జరిగింది అంతే.

సూదిమందు మొదలైంది. పొద్దున సూది, సాయంత్రం సూది. ఒక మందు పనిచేయలేదని ఇంకొకటి తెచ్చారు. అది కూడా పట్టలేదు. జ్వరం కాస్త దిగినట్టు దిగి, మళ్లీ లేచి కూర్చునేది. డాక్టరు ముఖంలో మొదట ఉన్న మెత్తదనం పోయి ఆలోచన వచ్చింది. పెద్ద డాక్టర్లు వచ్చారు, ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు, వెళ్లారు. ఒక పొద్దున ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"అమ్మా, ఇంత బలమైన మందులకు కూడా నిమ్ము తగ్గడం లేదు. వేరే కారణం ఏదైనా ఉందేమో వెతకాలి. నీ గొంతు ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

"రోడ్డు మీద అరిచి అరిచి సారూ."

"దగ్గుతావా? కళ్లె పడుతుందా? బరువు తగ్గావా?"

ఎందుకు అడుగుతున్నాడో మొదట అర్థం కాలేదు. టీబీ పరీక్ష నాకు కూడా చేయించాలి అన్నప్పుడు అర్థమైంది. డబ్బాలో ఉమ్మి ఇచ్చి వచ్చి వాడి మంచం దగ్గర నిలబడ్డాను, కానీ ముద్దు పెట్టుకోవడానికి వంగలేకపోయాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నా నోటి నుంచి వచ్చిన గాలే నా కొడుకు ఛాతీలోకి పోయి కూర్చుందా? పండ్లు అమ్మి వాణ్ని సాకుతున్నాననుకున్న గొంతేనా వాణ్ని తినేది? వాడేమో చేతులు చాస్తున్నాడు, ఎత్తుకోమని. నేను ఎత్తుకోలేదు. ఆ చేతులు గాలిలో అలాగే ఆగిపోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

నాకు టీబీ లేదని తేలింది. వాడికీ లేదన్నారు. ఆ మాటకు సంతోషించాలో వద్దో కూడా తెలియలేదు. మరి ఏముంది? ఎవరూ చెప్పలేకపోతున్నారు. వాడు ఏడవడం మానేశాడు. ఏడ్చే పిల్లలున్న వార్డులో ఏడవని పిల్లవాణ్ని చూస్తేనే నర్సులు ఎక్కువసార్లు వచ్చేవారు.

ఆ మధ్యాహ్నం అత్త టిఫిన్ డబ్బాలో బువ్వ తెచ్చింది. మంచం పక్కన కింద కూర్చుంది. డబ్బా మూత తీయలేదు. గోడ వైపు చూస్తూ చెప్పింది.

"పొద్దుగాల మిద్దె మీద ఆకేసి బువ్వ పెట్టిన."

"ఎవలకు?"

"ఇంకెవలకు? నా కొడుక్కు. పిల్లగాన్ని యాది చెయ్యకురా అని కాళ్లు మొక్కిన. నువ్వు యాది చేసినకొద్ది వాడు నీ దిక్కు వస్తుండు, ఇడిసిపెట్టురా అన్న. నేను కన్నతల్లినే. గట్ల చెప్పొచ్చునా? చెప్పిన."

ఇంతకాలంగా ఆమె బతుకుతున్నదే కొడుకు ఎక్కడో ఉండి తలుచుకుంటాడనే మాట మీద. ఆ ఒక్కటి కూడా వద్దని ఆమే చెప్పి వచ్చింది.

అప్పుడే డాక్టరు వచ్చాడు. అత్త లేచి ఆయన చెయ్యి పట్టుకుంది.

"సారూ, నీ మందులు మంచియే. కాని ఇది మందులతోని పొయ్యేది కాదు. వాని నాయన యాది చేస్తుండు."

"పెద్దమ్మా, అలాంటివేం ఉండవు. ధైర్యంగా ఉండండి."

"ఉంటయ్ సారూ! నా కండ్లతోని చూసిన. పిల్లగాడు మంచిగ సీతాఫలం తింటుండె. తినుకుంట తినుకుంటనే సరం దప్పింది. గప్పటిసంది దగ్గు, గప్పటిసంది జరం."

డాక్టరు చెయ్యి విడిపించుకోబోయి ఆగాడు.

"ఏం తింటుంటే?"

"సీతాఫలం."

"సరం తప్పడం అంటే ఏంటి?"

అత్త ఆయన్ను ఎగాదిగా చూసింది. "గింత సదువుకున్నవ్, సరం దప్పుడు తెల్వదా? గిట్ల..." అని నోరు తెరిచి, గొంతు పట్టుకుని, దగ్గి చూపించింది. కండ్లు పెద్దవి చేసి, ఊపిరి అందనట్టు రొప్పింది. వార్డులో తల్లులంతా మా వైపు తిరిగారు.

డాక్టరు ముఖంలో రంగు మారింది. "పొలమారడమా!" అన్నాడు.

"పొలం మారుడు కాదు సారూ," అంది అత్త విసుగ్గా, "సరం దప్పుడు!"

ఆయన నా వైపు తిరిగాడు. "అమ్మా, నేను మొదటి రోజే అడిగాను కదా నిన్ను? బాబుకి పొలమారిందా అని! మారలేదన్నావు."

"మారలే సారూ," అన్నాను. "ఇప్పటికి గూడ మారలే. ఆఫీసు సుట్టు తిరుగుతనే ఉన్న."

"ఏ ఆఫీసు?"

"పట్టా ఆఫీసు. మా ఆయన పేరు మీది చెల్క పిల్లగాని పేరు మీదికి మారాలె గద?"

పక్కన మందు ఎక్కిస్తున్న నర్సుకు నవ్వు వచ్చింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, వెంటనే ఆ నవ్వు కూడా పోయింది. డాక్టరు వాడి మంచం అంచు మీద కూర్చున్నాడు. కూర్చున్నాడు అనడం కంటే కూలబడ్డాడు అనాలి. వాళ్ల వైపు సరం దప్పడాన్ని పొలమారడం అంటారట. ఒకే తెలుగు మాట్లాడుకున్నాం. గొంతులో అడ్డం పడిన దాని గురించి ఆయన అడిగితే నేను భూమి గురించి చెప్పాను. నేను భూమి గురించి చెబితే గొంతు గురించి అని ఆయన విన్నాడు. ఆయన అడిగింది సరైన ప్రశ్నే. నేను చెప్పింది నిజమే. ఆ రెండింటి మధ్య నా కొడుకు ఊపిరి ఎగపోస్తూ పడుకుని ఉన్నాడు.

ఆయన తేరుకుని నాకు వివరంగా చెప్పాడు. "గింజ ఆహారం పోయే దారిలో కాకుండా ఊపిరి పోయే దారిలోకి జారి ఉంటుంది. అక్కడ ఇరుక్కుంటే దాని వెనక చీము నిలుస్తుంది. గింజ అక్కడే ఉన్నంతకాలం ఎంత మందు ఎక్కించినా నిమ్ము పూర్తిగా తగ్గదు. ఇలాంటి గింజలు ఎక్స్‌రేలో కూడా కనపడవు."

బోరుకు నీళ్లు రావడం లేదని మోటారు మీద మోటారు మార్చి, చివరకు పైపులో రాయి ఉందని తెలిసినట్టు ఉంది నాకు.

"అయితే తీస్తరా సారూ?"

"మత్తు ఇచ్చి, నోట్లోంచి సన్నటి గొట్టం ఊపిరి దారిలోకి దించి చూస్తారు. ఉంటే తీస్తారు. బాబు నీరసంగా ఉన్నాడు. మత్తులో ప్రమాదం ఉంటుంది, నీకు దాచను. కానీ తీయకపోతే అంతకంటే ఎక్కువ ప్రమాదం."

నాకు నా పేరు ఒక్కటే రాయడం వచ్చు. అది కూడా ఆ రోజు రాలేదు. ఒప్పుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర వేశాను.

వాణ్ని నా చేతుల్లోంచి తీసుకుని తలుపు లోపలికి పోయారు. బయట బెంచీ మీద అత్త, నేను. మధ్యలో ఎవరో పెద్దాయన నీళ్లు తాగుతూ దగ్గాడు. ఇద్దరం ఒక్కసారే ఉలిక్కిపడి లేచి నిలబడ్డాం.

తలుపు తెరిచి మా డాక్టరు వచ్చాడు. చేతిలో మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా. నా ముందు పట్టుకున్నాడు.

సీతాఫలం గింజ. ఒక్కటి. నల్లగా, నిగనిగలాడుతూ. ఇన్ని రోజులు నా బిడ్డ ఛాతీలో ఉండి కూడా దానికి ఏమీ కాలేదు. మెరుస్తూనే ఉంది.

"గింతేనా?" అన్నాను.

"ఇంతేనమ్మా."

ప్రతి సాయంత్రం గంప దగ్గర అలాంటి గింజలు చీపురుతో ఊడుస్తాను. కాళ్ల కింద టకటకమంటాయి. కస్టమర్లు ఊసినవి, నేను ఊసినవి. వాటిలో ఒకటి. ఇంటి మీదికి వచ్చిన గండం ఎంత పెద్దదో అనుకున్నాను. దెయ్యమో, టీబీనో, చనిపోయిన మనిషి ప్రేమో అనుకున్నాను. వేలి గోరంత కూడా లేదు. నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది, ఏది ముందో తెలియలేదు. నా బొంగురు గొంతుతో ఏం శబ్దం చేశానో ఏమో, లోపలి నుంచి ఇంకో నర్సు పరిగెత్తుకుని వచ్చింది.

ఆ తర్వాత అంతకుముందు ఇచ్చిన మందే ఇచ్చారు. అదే సూది, అదే సీసా. ఈసారి పట్టింది. జ్వరం దిగింది, దిగి మళ్లీ లేవలేదు. డొక్కలు ఎగరడం ఆగింది. వాడు మొదట చేసిన పని గట్టిగా ఏడవడం. ఆ ఏడుపుకు మా వరసలో తల్లులు నవ్వారు. నేను వాణ్ని ఎత్తుకున్నాను, కొంగు అడ్డం పెట్టుకోకుండా.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మంచం దగ్గరకు వచ్చి, చేతులు రుద్దుకుని, వాడి ఛాతీ మీద పెట్టాడు. పక్క మంచంలో కొత్తగా వచ్చిన తల్లిని అడుగుతున్నాడు: "పాపకి పొలమారిందా? అదే, సరం... సరం దప్పిందా?" ఆ మాట ఆయన నోట్లో కొత్త చెప్పులా కరకరలాడుతోంది. ఆ తల్లి బిత్తరపోయి చూస్తుంటే నేను అందుకున్నాను: "తినేటప్పుడు అడ్డంబడి దగ్గిందా అని అడుగుతుండు అక్కా. పొలం గురించి కాదు." డాక్టరు నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

మళ్లీ సాతంరాయి, మళ్లీ గంప. ఇప్పుడు నా కేకలో ఇంకో ముక్క చేరింది: "సీతాఫలాలు, సీతాఫలాలు, చిన్న పిల్లలకు గింజ తీసి పెట్టుండ్రి!" ఆ క్యాబు డ్రైవర్ వింటే వదులుతాడా?

"ఏందక్కా, అమ్ముతున్నవా, భయపెడుతున్నవా?"

"రెండు చేస్తున్న తమ్మీ. నువ్వు కొను, నీ బిడ్డకు గింజ తియ్యి."

దవాఖాన నుంచి వచ్చిన తర్వాత అత్త ఒక పొద్దున మళ్లీ ఆకు, బువ్వ పట్టుకుని మిద్దె ఎక్కింది. పిల్లవాణ్ని చంకనేసుకుని నేనూ వెనకే ఎక్కాను. ఆమె ఆకు పరిచి, బువ్వ పెట్టి, పెరుగు పోసింది. మోకాళ్ల మీద కూర్చుంది.

"కొడుకా," అంది, "ఆనాడు యాది చెయ్యొద్దని తిట్టిన. నీ తప్పేం లేదురా. గింజ చేసింది. నేను నీ మీద ఏసిన." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇగ యాది చేసుకో. ఎంత కావాల్నంటే అంత చేసుకో. కాని జర మెల్లగ చెయ్యి బిడ్డా, వాడు తినేటప్పుడు మాత్రం చెయ్యకు."

నేను వేరే వైపు తిరిగాను. అప్పుడే మీద నుంచి విమానం వచ్చింది. నా కొడుకు తల వెనక్కి వాల్చి నోరంతా తెరిచాడు. నోట్లో ఏమీ లేదు, నాకు తెలుసు. అయినా నా చెయ్యి పోయి ఆ నోరు మూసేసింది. వాడు నా వేళ్ల వెనక నుంచే "వో..." అని అరుస్తున్నాడు. ఆ అరుపు వెచ్చగా నా అరచేతికి తగులుతుంటే, విమానం దిగి కనుమరుగయ్యే వరకు అలాగే పట్టుకుని నిలబడ్డాను.